మాడు మీద పెట్టిన చేయి

గత చలికాలంలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిసిన తరువాత, మా వద్ద హిఫ్జ్ చదువుతున్న ఒక బాలుని తండ్రి మమ్మల్ని మసీదు మెట్ల వద్ద నిలిపి, నాలుగు మడతలు పెట్టిన ఒక కరపత్రాన్ని మా చేతిలో ఉంచారు. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే కుటుంబం వారిది. భార్య కూడా మగ్గం ముందు కూర్చుని ముడులు వేస్తుంది. ఏడాదిగా ఆమెకు మెడ నొప్పి. ఇంట్లో నాలుగు నెలల ఆడపిల్ల ఉంది. ప్రతి సాయంత్రం మగ్రిబ్ వేళకు ఏడుపు మొదలుపెడితే ఇషా దాటినా ఆపదు. గల్ఫ్ నుండి వచ్చిన వదినగారు ఈ కరపత్రం ఇచ్చి, తల్లీబిడ్డలకు ఇద్దరికీ ఒకే చికిత్సతో నయమవుతుందని చెప్పారట. దాని పేరు బయోడైనమిక్ క్రేనియోసేక్రల్ థెరపీ. పది విడతలకు అడుగుతున్న రుసుము ఆయన నెల సంపాదనకు దగ్గరగా ఉంది.

“హజ్రత్, ఇది జాయిజేనా?” అని ఆయన అడిగారు.

జాయిజా, కాదా అన్నది రెండవ ప్రశ్న. ఇది నిజమా, కాదా అన్నది మొదటి ప్రశ్న అని మేము బదులు చెప్పి, కొంత గడువు కోరాము. మేము వైద్యులము కాము. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అరబీ వ్యాకరణము, ఫిఖ్హ్ బోధిస్తూ వచ్చినవారము. అయితే మా పెద్ద కుమారుడు ఫార్మసీ చదివినవాడు కనుక, అతనిని ప్రక్కన కూర్చోబెట్టుకుని ఈ విషయమై జరిగిన పరిశోధనల సారాంశాలను కొన్ని రాత్రులు చదివించుకున్నాము. మాకు బోధపడినది ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఈ చికిత్స పుట్టుక అమెరికాలో. 19వ శతాబ్దం చివర మిస్సోరీ రాష్ట్రంలో ఆస్టియోపతి విద్యార్థిగా ఉన్న విలియమ్ సదర్లాండ్, విడదీసి ఉంచిన ఒక పుర్రెను చూసి, కణత వద్ద ఎముకల అంచులు ఏటవాలుగా, చేప మొప్పల వలె ఉన్నాయని తలచారు. మొప్పలు కదిలేది శ్వాస కొరకే కదా, అట్లే ఈ ఎముకలు కూడా ఏదో ఒక శ్వాసతో కదులుతూ ఉండాలి అన్నది ఆయనకు తోచిన ఆలోచన. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మాకు ఆ పోలిక చదవగానే నవ్వు వచ్చింది. చేప మొప్పలు మాకు ఎన్నడూ పుర్రెను గుర్తు చేయలేదు! కానీ శాస్త్రజ్ఞులలో గొప్ప ఊహలు కొన్ని ఇట్లే పుడతాయి కనుక, పోలిక వింతగా ఉన్నంత మాత్రాన తోసివేయరాదు. 1970వ దశకంలో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జాన్ అప్లెడ్జర్ దీనిని వైద్యేతరులకు కూడా నేర్పదగిన పద్ధతిగా మలిచారు. తరువాత ఇంగ్లాండులో ఫ్రాంక్లిన్ సిల్స్ మొదలైనవారు ‘బయోడైనమిక్’ అనే శాఖను విస్తరింపజేశారు.

చికిత్స తీరు చాలా సాధువైనది. రోగి దుస్తులతోనే బల్లపై వెల్లకిల పడుకుంటారు. చికిత్సకులు తల క్రింద, నడుము చివరనున్న త్రికాస్థి క్రింద అరచేతులు ఉంచి, సుమారు ఐదు గ్రాముల బరువును మించని స్పర్శతో, రమారమి ఒక గంట నిశ్చలంగా ఉంటారు. బయోడైనమిక్ శాఖవారు ఆ మాత్రం ఒత్తిడి కూడా చేయరు; తాము కేవలం ‘వింటాము’ అంటారు. మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే ద్రవం నిమిషానికి ఆరు నుండి పన్నెండు సార్లు పొంగి తగ్గుతుందని, ఆ లయ పుర్రె ఎముకల ద్వారా చేతికి తెలుస్తుందని, లయ చెడితే జబ్బు, సరిపడితే ఆరోగ్యము అని సిద్ధాంతము.

ఇందులో పరీక్షకు నిలిచే భాగాలు కొన్ని ఉన్నాయి. పరిశోధకులు వాటినే పట్టుకున్నారు.

మొదటిది, ఎముకల కదలిక. నవజాత శిశువు పుర్రె ఎముకలు విడివిడిగా ఉంటాయి. ప్రసవ మార్గంలో తల ఒదుగుటకు, ఆపై మెదడు పెరుగుటకు సృష్టికర్త చేసిన ఏర్పాటు అది. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు చాలామంది పిల్లలలో ఏడాది నుండి ఏడాదిన్నర వయసు మధ్య పూడిపోతుంది. ఎదిగిన మనిషిలో ఎముకల అంచులు రంపపు పళ్ళ వలె ఒకదానిలో ఒకటి దిగి, వయసుతో పాటు బిగుసుకుపోతాయి. 2006లో కుందేళ్ళ పుర్రెలపై చేసిన ఒక పరీక్షలో, ఈ చికిత్సలో వాడేటంత స్వల్ప బలానికి ఆ అతుకు కదలలేదని తేలింది.

రెండవది, ద్రవం. ద్రవం ఉన్నమాట వాస్తవం. పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది. దానికి కదలిక ఉన్నమాట కూడా వాస్తవమే. అయితే ఎం.ఆర్.ఐ. యంత్రాలతో చూచినప్పుడు ఆ కదలికను నడిపేవి గుండె కొట్టుకోవడము, ఊపిరి తీయడము అని కనబడింది. జర్మనీలోని గటింగెన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన పరీక్షలో, దీర్ఘంగా ఊపిరి లోనికి పీల్చినప్పుడు ఆ ద్రవం పైకి ప్రవహించడం కంటికి కట్టినట్లు తెలిసింది. వేరొక రహస్య లయ కొరకు వెదకవలసిన అవసరం అక్కడ కనిపించలేదు.

మూడవ పరీక్ష మాకు అన్నిటికంటే నచ్చింది. దానిని మదరసా పిల్లవాడు కూడా అర్థం చేసుకోగలడు. చేతికి లయ తెలుస్తుందంటే, ఒకే మనిషి తల పట్టుకున్న ఇద్దరు చికిత్సకులకు ఒకే సంఖ్య తెలియాలి కదా! 1994లో అమెరికాలో ముగ్గురు చికిత్సకుల చేత పన్నెండు మందిని విడివిడిగా పరీక్షింపజేశారు. ఒకరి లెక్కకు మరొకరి లెక్కకు పొంతన దాదాపు శూన్యమని తేలింది. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో, ఒకే మనిషి తల వద్ద ఒకరు, త్రికాస్థి వద్ద ఒకరు ఏకకాలంలో కూర్చున్నా లెక్కలు కలవలేదు. చేతికి తగిలినది చికిత్సకుని స్వంత వేళ్ళలోని నాడి కావచ్చునన్న అనుమానము కూడా వ్యక్తమైంది.

హదీసు విద్యార్థులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒక ఉల్లేఖనం ఇద్దరు రావీల ద్వారా వచ్చినప్పుడు, ఇద్దరి మాటను ప్రక్కప్రక్కన పెట్టి చూడనిదే మన ఇమాములు ముందుకు సాగలేదు. ఒకరి పుణ్యశీలత వేరు, జ్ఞాపకశక్తి వేరు అని కూడా వారే చెప్పారు. చికిత్సకులు అబద్ధమాడుతున్నారని ఇక్కడ ఎవరూ అనడం లేదు.

ఈ సందర్భంలో అబ్దుల్ లతీఫ్ బగ్దాదీని తలచుకోకుండా ఉండలేము. క్రీ.శ. 1200 ప్రాంతంలో నైలు నది పొంగక ఈజిప్టులో భయంకరమైన కరవు వచ్చింది. అప్పుడక్కడ ఉన్న ఈ పండితుడు, కైరో సమీపంలో గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను చూడబోయారు. క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని గ్రీకు వైద్యాచార్యుడు గాలెన్ వ్రాశాడు; వెయ్యేళ్ళుగా వైద్యలోకం అదే పఠించింది. బగ్దాదీ, ఆయన సహచరులు రెండు వేలకు పైగా పుర్రెలను పరిశీలించారు. ఎక్కడా అతుకు కనబడలేదు. దవడ ఒకే ఎముక. గాలెన్ ఎంత గొప్పవాడైనా, ఆయన మాట కంటే కంటితో చూచినదే ఎక్కువ నమ్మదగినదని బగ్దాదీ తన ఈజిప్టు గ్రంథం ‘అల్ ఇఫాదహ్ వల్ ఇఅతిబార్’లో వ్రాసుకున్నారు. ఆపై త్రికాస్థిని కూడా ఆ విధంగానే పరిశీలించారు. తల నుండి త్రికాస్థి వరకు! ఎనిమిది వందల ఏళ్ళ తరువాత ఈ కరపత్రము మాట్లాడేది కూడా ఆ రెండు చోట్ల గురించే.

సిద్ధాంతము నిలవనప్పటికీ, చికిత్స వలన మేలు జరుగవచ్చును కదా అని మా కుమారుడు వాదించాడు. సరియైన వాదమే. మందు ఎందుకు పనిచేస్తుందో తెలియక ముందే పనిచేసిన మందులు అనేకం ఉన్నాయి. ఇక్కడ పరిశోధన ఒకే గొంతుతో మాట్లాడడం లేదు. 2012లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అప్పటికి దొరికిన ఆరు పరీక్షలను పరిశీలించి, ఒకటి తప్ప అన్నీ లోపభూయిష్టమైనవని, ఆధారం లేదని తేల్చారు. 2016లో జర్మనీలో దీర్ఘకాలపు మెడ నొప్పి గల 54 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ చికిత్స, మరొక జట్టుకు ఊరకే తేలికగా చేయి ఆనించే ఉత్తుత్తి చికిత్స ఎనిమిది వారాలు చేశారు. మొదటి జట్టువారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. మూడు నెలల తరువాత కూడా ఆ తేడా నిలిచింది. ఆ బృందమే 2020లో 681 మంది పాల్గొన్న పది పరీక్షలను కలిపి చూచి, దీర్ఘకాలపు నొప్పులకు ప్రయోజనం ఉన్నదని వ్రాసింది. 2024లో స్పెయిన్ పరిశోధకులు మరిన్ని పరీక్షలను కలిపి చూచి, చెప్పుకోదగిన ప్రయోజనం ఏదీ లేదని తేల్చారు.

శిశువుల సాయంకాలపు ఏడుపు విషయమై కూడా స్పెయిన్‌లో ఒక పరీక్ష జరిగి, మేలు కలిగినట్లు ఫలితం వచ్చింది. కానీ అందులో రెండవ జట్టు పిల్లలకు ఏ చికిత్సా చేయలేదు. తమ బిడ్డకు చికిత్స జరిగిందో లేదో తల్లిదండ్రులకు తెలుసు. ఏడుపు గంటలు వ్రాసినది వారే. పైగా ఆ ఏడుపు మూడు నాలుగు నెలలు నిండేసరికి చాలామంది పిల్లలలో తనంతట తానే తగ్గిపోతుంది. మందు ఇచ్చినవాడు ఆ నెలలో ఎవరైతే వారికి పేరు వస్తుంది. మా తాయెత్తుల సోదరులకు ఈ రహస్యం బాగా తెలుసు.

2020 డిసెంబరును ఏలూరువారు మరువరు. 5వ తేదీ నుండి దక్షిణపు వీధి, ఆ చుట్టుప్రక్కల పేటలలో మనుషులు ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, మూర్ఛ వచ్చి, నోట నురగతో పడిపోసాగారు. కొన్ని రోజులలోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. దిష్టి అన్నవారున్నారు, జిన్నాతులు అన్నవారున్నారు, ఫలానా పేటవారి పాపం అన్నవారు కూడా ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాలలో సీసము, నికెల్ కనుగొన్నది. నీరు, పాలు, కూరగాయలు అన్నిటినీ సీసాలలో నింపుకుని సంస్థలు ప్రయోగశాలలకు తీసుకుపోయాయి. ఆ రోజులలో మదరసా పిల్లలకు కాచిన నీళ్ళు మా చేతులతో పోస్తూ, ఒక్క విషయం గ్రహించాము: జవాబు త్వరగా చెప్పినవారెవరూ నమూనా తీసుకున్నవారు కారు.

ఇక చేతి స్పర్శ సంగతి. ఈ చికిత్సలో సిద్ధాంతాన్ని తీసివేస్తే మిగిలేది ఒక మనిషి మరొక మనిషిని గంటసేపు మెల్లగా, మాట్లాడకుండా, తొందర లేకుండా తాకడం. దానిపై జరిగిన పరిశోధన మాత్రం గట్టిది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులు మానవ చర్మంలో ఒక ప్రత్యేకమైన సన్నని నరాల సమూహాన్ని వర్ణించారు. గుచ్చితే, గిచ్చితే తెలిపే నరాలు కావు అవి. సెకనుకు ఒకటి నుండి పది సెంటీమీటర్ల వేగంతో, చర్మపు వెచ్చదనంతో నిమిరితే అవి ఎక్కువగా స్పందిస్తాయి. తల్లి బిడ్డను నిమిరే వేగం అదే. స్పర్శను గ్రహించే కణద్వారాలను కనుగొన్నందుకు 2021 నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్డెమ్ పటపూటియన్ బేరూత్‌లో పుట్టి, అంతర్యుద్ధ కాలంలో అమెరికాకు వలస వెళ్ళినవాడు.

నెలలు నిండని శిశువులకు రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున ఒళ్ళు నిమిరితే, నిమరని శిశువుల కంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని 1986లో మయామీ పరిశోధకులు ప్రకటించారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైనది. భారతదేశంతో సహా ఐదు దేశాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే ఆ పద్ధతి మొదలుపెట్టిన జట్టులో 28 రోజులలోపు మరణాలు 12 శాతం. బిడ్డ కుదుటపడేవరకు ఆగి మొదలుపెట్టిన జట్టులో 15.7 శాతం. ఈ తేడా ఎంత పెద్దదంటే, పరీక్షను మధ్యలోనే ఆపి అందరికీ ఆ పద్ధతినే వర్తింపజేశారు. దానికి రుసుము లేదు. తల్లి చర్మం చాలు.

దైవప్రవక్త (స) మనుమలను ముద్దాడుతుండగా చూచి, తనకు పది మంది పిల్లలున్నా ఎన్నడూ ఎవరినీ ముద్దాడలేదని చెప్పిన అఖ్రా బిన్ హాబిస్ సంఘటన పాఠకులకు తెలిసినదే. హృదయ కాఠిన్యాన్ని గురించి మొరపెట్టుకున్న వ్యక్తికి అనాథ తలపై చేయి నిమరమని ప్రవక్త (స) ఉపదేశించిన సంగతి కూడా తెలిసినదే. తెలిసి కూడా, మా బోధనా జీవితపు తొలి సంవత్సరాలలో మేము పిల్లల తలపై పెట్టిన చేతి కంటే ఎత్తిన బెత్తమే ఎక్కువ. ఇది ఇక్కడ వ్రాయక తప్పదనిపించింది.

మన ఇళ్ళలో చేతివైద్యం ఎన్నడూ లేకపోలేదు. పురిటి బిడ్డను నానీ కాళ్ళపై బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోస్తుంది. తల గుండ్రంగా రావాలని అరచేతులతో అదుముతుంది. ముక్కు నిటారుగా రావాలని సాగదీస్తుంది. మాడుకు ఆముదం అద్దుతుంది. మర్దన మంచిదే. ఢాకాలో నెలలు నిండని శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాయగా ఆసుపత్రిలో సోకే రక్తపు ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో తేలింది. తల అదమడం వలన ఆకారం మారదు. ఎప్పుడూ ఒకే ప్రక్కకు పడుకోబెట్టకుండా ఉంటే చాలామంది పిల్లలలో అదే సర్దుకుంటుంది. ముక్కులో, చెవిలో నూనె పోయడం మాత్రం హానికరం. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా తెచ్చిన సంఘటనలు మన దేశపు వైద్యులు అనేకం నమోదు చేశారు.

రెండేళ్ళ క్రితం వేసవిలో, మా మదరసాలో వంట చేసే ఖాలా తన మనుమరాలి కొరకు కైకలూరు దాపున, కొల్లేటి గట్టున ఉన్న ఊరికి హుటాహుటిన వెళ్ళింది. ఎనిమిది నెలల పిల్ల. రెండు రోజులుగా విరేచనాలు. మాడు లోపలికి గుంటపడింది. ఇంటివారు దానిని మాడుకు వచ్చిన జబ్బు అనుకున్నారు. ఆముదంలో తడిపిన గుడ్డ నెత్తిన వేశారు. పొరుగూరి నుండి చేతివాటం ఉన్న ఒకామెను పిలిపిస్తే, ఆమె నోట్లో వేలు పెట్టి అంగిలిని పైకి నొక్కింది. చేతులు, నూనె, ప్రార్థన అన్నీ ఉన్నాయి. పిల్లకు నీరు మాత్రం ఎవరూ పట్టలేదు, విరేచనాలు ఎక్కువవుతాయని భయపడి.

మాడు గుంటపడటం మాడు జబ్బు కాదు. ఒంట్లో నీరు తరిగిపోయిందని చెప్పే గుర్తు. కొల్లేరు చుట్టూ ఎటు చూచినా నీరే, త్రాగదగినది తక్కువ. బుడమేరు, తమ్మిలేరు, కాలువలు, చేపల చెరువుల నీరంతా అక్కడికే చేరుతుంది. అలాంటి చోట పిల్లల ప్రాణానికి కాపు ఉప్పు, చక్కెర కలిసిన నీరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ సీసాలు నిండుకోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణాన్నే డ్రమ్ములలో కలిపి త్రాగించారు. 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం కంటే దిగువకు వచ్చాయి. చర్మాన్ని తాకకుండానే, పుర్రెను పట్టకుండానే, లోపలి ద్రవాన్ని సరిచేసిన చికిత్స అది!

ఖాలా వెళ్ళేసరికి పిల్ల కళ్ళు తేలవేస్తోంది. ఆటోలో ఏలూరు తెచ్చారు. నరం దొరకక ఎముకలోకి సూది వేసి సెలైన్ ఎక్కించారని ఆమె తరువాత మాతో చెప్పింది. అల్హందులిల్లాహ్, పిల్ల బ్రతికింది. ఇంకొక రెండు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరుగారు ఆమెకు దాచకుండా చెప్పారట.

మెత్తని చేతివైద్యానికి కూడా వెల ఉంటుందని మేము అనేది ఇందుకే. ఐదు గ్రాముల స్పర్శ ఎముకను విరవదు; కానీ కాలాన్ని హరించగలదు. పేరు ఒకటే అయినా అన్ని చేతులూ మెత్తనివి కావు కూడా. నెదర్లాండ్స్‌లో ఇదే పేరుతో మెడను, వెన్నును వంచి చేసిన చికిత్స తరువాత మూడు నెలల శిశువు మరణించిన ఉదంతాన్ని 2009లో అక్కడి వైద్య పత్రిక ప్రచురించింది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జామిన్ అవుతాడని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు అబూ దావూద్ తదితర గ్రంథాలలో ఉన్నది. ఫిఖ్హ్ పండితులు దీనిపై అధ్యాయాలే వ్రాశారు. చేయి చల్లనిదా, గట్టిదా అని అందులో ఎవరూ అడగలేదు. ఆ విద్య అతనికి తెలుసునా అనే అడిగారు.

తివాచీ నేసే సోదరికి ఏమి చెప్పాలి? ఇబ్నె సీనా తన ‘ఖానూన్’లో మర్దనను రకాలుగా విభజించి, గట్టిది శరీరాన్ని బిగిస్తుందని, మెత్తనిది సడలిస్తుందని వివరించారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇచ్చిన సూచనలలో వ్యాయామము, నొప్పిని గురించిన అవగాహన, మర్దన వంటివి ఉన్నాయి. నడుము పట్టీలు, బరువులు కట్టి లాగడము వద్దని కూడా ఉన్నది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో, రైసు మిల్లులలో మెడపై బస్తాలు మోసే హమాలీ సోదరులకు ఇది మరింత అవసరమైన మాట. వారిలో చాలామంది పట్టీ కొనడమే వైద్యమనుకుంటున్నారు.

ఆ తండ్రికి మేము ఈ విధంగా చెప్పాము. మెడకు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూపించండి. చేయి తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే ఆలస్యం చేయవద్దు. మగ్గం ముందు గంటకొకసారి లేవనివ్వండి. ఆ తరువాత కూడా ఆమెకు ఈ చికిత్స కావాలనిపిస్తే, చికిత్సకురాలు స్త్రీ అయితే, అప్పు చేయకుండా వీలైతే, మేము హరామ్ అనము. నొప్పి కొంత తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. అయితే ‘ప్రాణశ్వాస’, ‘విశ్వశక్తి’ అంటూ వారు చెప్పే సిద్ధాంతాన్ని ఈమానులో కలుపుకోవద్దు. బిడ్డ మాత్రం బల్ల ఎక్కనక్కరలేదు. జ్వరం, వాంతులు, పాలు త్రాగకపోవడం, మాడు ఉబ్బడం లేదా గుంటపడటం కనిపిస్తే ఆసుపత్రికి. ఏవీ లేకపోతే సాయంత్రం ఆ రెండు గంటలు మీరు ఎత్తుకొని తిరగండి అన్నాము.

“నేనా?” అని ఆయన ఆశ్చర్యపోయారు. మగ్రిబ్ తరువాత ఆయన చాయ్ దుకాణం వద్ద కూర్చుంటారని మాకు తెలుసు.

మొన్న రజబ్ నెలలో ఖాలా మనుమరాలిని మదరసాకు తీసుకువచ్చింది. మూడో ఏడు నడుస్తోంది, మాడు ఎప్పుడో పూడిపోయింది. వంటగది గూటిలో ఆముదం సీసా ఇప్పటికీ ఉన్నది. ఆ ఊరి ఆశా కార్యకర్త ఇచ్చిన ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు నాలుగు, దాని ప్రక్కనే, రబ్బరు బ్యాండు వేసి.